రిపోర్టులన్నీ మామూలే, నొప్పి మాత్రం పోలేదు: ఛాతీ కింది అంచున మళ్లీ మళ్లీ వచ్చిన నొప్పిపై ఒక కేస్ స్టడీ

ఆవిడ వయసు 36. ఒక ఆఫీసులో లెక్కలు చూస్తారు. నా గదిలోకి వచ్చినప్పుడు చేతిలో రెండు వేళ్ల మందాన ఫైలు ఉంది. కూర్చోకముందే దాన్ని బల్ల మీద పెట్టి, "అన్నీ ఇందులోనే ఉన్నాయి డాక్టర్ గారూ" అన్నారు. నేనూ మనిషిని పక్కనపెట్టి ఫైలు తెరిచాను. ఈ కేసులో నా మొదటి పొరపాటు అదే. (ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.)

బాధ ఇదీ. కుడివైపు ఛాతీ కింది అంచున 20 నెలలుగా వస్తూ పోతూ ఉన్న నొప్పి. నెలకు నాలుగైదు సార్లు వస్తుంది. ముందు ఒక్కసారిగా కలుక్కుమంటుంది, ఆ తర్వాత సలుపు మొదలై కొన్ని గంటలు, ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది. అప్పుడప్పుడు వీపు వైపు పాకుతుంది. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, కామెర్లు లేవు. మెట్లెక్కితే రాదు. "మధ్యాహ్నం తిన్నాక ఎక్కువ" అని ఫైల్లో మూడు చోట్ల, మూడు చేతిరాతల్లో ఉంది.

ఫైలు చెప్పిన కథ

మొదటిసారి నొప్పి వచ్చిన రాత్రి ఎమర్జెన్సీకి వెళ్లారు. ఈసీజీ, కొన్ని గంటల తేడాతో రెండుసార్లు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది), ఛాతీ ఎక్స్‌రే. అన్నీ మామూలే. అక్కడ జరిగింది సరైన పనే. ఛాతీ నొప్పి అని వచ్చినవాళ్ల దగ్గర ముందు గుండె సంగతి తేల్చుకోకుండా ఇంకో మాట మాట్లాడకూడదు. గుండె కింది గోడకు రక్తం అందనప్పుడు నొప్పి పై కడుపులోనో ఛాతీ కింది భాగంలోనో తెలియవచ్చు. దాన్ని అజీర్ణం అనుకుని తెల్లారేదాకా ఆగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో లక్షణాలు పుస్తకంలో ఉన్నట్టు ఉండవు కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

గుండె కాదని తేలాక ఎసిడిటీ వంతు వచ్చింది. పాంటోప్రజోల్ ఎనిమిది వారాలు వాడారు. ఎండోస్కోపీలో జీర్ణాశయం లోపలి పొర కాస్త ఎర్రగా ఉందని రాశారు. ఆ వాక్యం ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లలో చాలామంది రిపోర్టుల్లో కనిపిస్తుంది. అదే నొప్పికి కారణమని అనుకోవడానికి లేదు. మాత్రలతో ఆవిడకు ఎప్పుడో ఒకప్పుడు ఉండే గుండెల్లో మంట తగ్గింది, డొక్కలో నొప్పి తగ్గలేదు. ఈ రెంటినీ విడదీసి అడిగినవాళ్లు లేరు. చీటీ మీద "కొంత మెరుగు" అని పడింది. ఇంకో చీటీ మీద "టెన్షన్" అని ఒకే ఒక్క మాట, దాని కింద నిద్రమాత్ర. ఆ చీటీ చూపిస్తూ ఆవిడ నవ్వారు. ఆ నవ్వులో కోపం ఉంది.

ఆ తర్వాత కడుపు స్కానింగు. పిత్తాశయంలో 6 మి.మీ. రాయి ఒకటి. పిత్తాశయం గోడ మందం కాలేదు, పైత్యనాళం ఉబ్బలేదు. లివర్ పరీక్షలు, క్లోమం సంగతి చెప్పే లైపేజ్ మామూలే. కుడివైపు నొప్పి ఉంది, తిన్నాక వస్తోంది, రాయి కనబడింది. మూడూ కలిపితే పిత్తాశయం తీసేయాలన్న మాట రావడంలో వింతేమీ లేదు. తేదీ కూడా ఖాయమైంది. ఆలోపు ఇంకొకరి అభిప్రాయం విందామని నా దగ్గరకు వచ్చారు.

నేను మొదట అనుకున్నది

రాయి మీద నాకు అనుమానం కలిగింది. పిత్తాశయపు నొప్పికి దాని నడక దానికి ఉంటుంది. రాయి నాళానికి అడ్డం పడితే నొప్పి మెల్లగా పెరిగి ఒక స్థాయికి చేరి అక్కడే నిలబడుతుంది. కనీసం అరగంట, ఎక్కువైతే నాలుగైదు గంటలు ఉంటుంది. ఎటు తిరిగి పడుకున్నా తగ్గదు. కుడి రెక్క ఎముక కిందికి పాకుతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది, చాలామందిని అర్ధరాత్రి నిద్రలేపుతుంది. కలుక్కుమని మొదలై రెండు రోజులు సలిపే నొప్పి ఈ లెక్కలోకి రాదు. పైగా పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి వాటివల్ల ఏ బాధా ఉండదు. ఏటా నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే లక్షణాలు మొదలవుతాయి. స్కానింగులో రాయి కనబడడం వేరు, నొప్పి ఆ రాయిదే కావడం వేరు.

ఇంతవరకు బాగానే ఆలోచించాను. మిగతావి కూడా అడిగాను. గట్టిగా ఊపిరి పీలిస్తే పొడుస్తుందా, కాలు వాచిందా, ఈమధ్య చాలా రోజులు మంచాన ఉన్నారా, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా: ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ అనుమానం వస్తే ఆ రోజే తేల్చాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. పొత్తికడుపులో నొప్పి, తెల్లబట్ట, జ్వరం: వయసులో ఉన్న ఆడవాళ్లకు గర్భాశయపు ఇన్ఫెక్షను లివర్ పైపొర దాకా పాకి కుడి డొక్కలో పొడిచే జబ్బు ఒకటి ఉంది, అడక్కపోతే అది బయటపడదు. చర్మం మీద మంట, దద్దుర్లు: సర్పిలో పొక్కులకు కొన్ని రోజుల ముందే నొప్పి మొదలవుతుంది, ఆ కొద్ది రోజుల్లో దానికి అందరూ తలో పేరు పెడతారు. అన్నిటికీ లేదు అనే సమాధానం.

చివరికి అన్నవాహిక కండరాలు పట్టేస్తున్నాయేమో అని తీర్మానించి ఒక మందు రాశాను. పొట్ట నొక్కి చూశాను, మెత్తగా ఉంది. పక్కటెముకల అంచు మీద చెయ్యి పెట్టలేదు. ఆపరేషన్ మాత్రం నాలుగు వారాలు ఆపమని చెప్పాను. ఆ రోజు నేను చేసిన పనికొచ్చే పని అదొక్కటే.

నేల మీది సంచీ

మూడు వారాలకు మళ్లీ వచ్చారు. మందుతో తలనొప్పి మిగిలింది, డొక్క నొప్పి అలాగే ఉంది. మాట్లాడడం అయ్యాక కుర్చీలో కూర్చునే కుడిపక్కకు వంగి నేల మీది సంచీ అందుకోబోయారు. సగంలో ఆగిపోయారు. ముఖం చిట్లింది, ఎడమ చెయ్యి కుడి డొక్క మీదికి వెళ్లింది, ఊపిరి బిగబట్టారు. రెండు మూడు క్షణాల తర్వాత మెల్లగా నిటారు అయ్యి, "ఇదిగో, ఇదేనండీ" అన్నారు.

"ఎక్కడో ఒక్క వేలితో చూపించండమ్మా."

లోపలి అవయవాల నొప్పి ఉన్నవాళ్లు మామూలుగా అరచెయ్యి మొత్తం పరిచి తిప్పుతూ చూపిస్తారు. ఈవిడ చూపుడు వేలు నేరుగా కింది పక్కటెముకల అంచు మీద, చంక మధ్య నుంచి గీసిన గీతకు నాలుగు వేళ్లు ముందు ఆగింది. మళ్లీ చూపించమంటే మళ్లీ అక్కడే.

అప్పుడు ఫైలు మూసేసి, తిండి సంగతి మొదటి నుంచి అడిగాను.

"తిన్నాక ఎంతసేపటికి వస్తుంది?"

"వెంటనే అండీ. తినేసి డబ్బా సర్దేలోపే."

"రాత్రి తిన్నాక?"

ఆలోచించారు. "రాత్రి పెద్దగా రాదు."

"సెలవు రోజుల్లో?"

"సెలవుల్లో... అసలు రాలేదేమో."

"ఆఫీసులో డబ్బా ఎక్కడ పెడతారు?"

"బల్లకు కుడిపక్కన కింది సొరుగులో" అంటూ, కూర్చున్నచోటే ఆ వంగడం చేసి చూపించబోయి, మధ్యలో గుర్తొచ్చి ఆగిపోయారు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. 20 నెలల పాటు "తిన్నాక వచ్చే నొప్పి"గా రాసుకున్నది సొరుగు తీసినప్పుడు వచ్చే నొప్పి. ఎవరూ తప్పు రాయలేదు. తిన్న తర్వాతే వస్తోంది మరి.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకో సంగతి దొరికింది. నొప్పి మొదలవడానికి ముందు మూడు వారాలు విడవని దగ్గు. ఒక రాత్రి దగ్గుతుండగా "లోపల ఏదో టక్కుమని జారినట్టు" అనిపించింది. ఆ మాట ఎమర్జెన్సీలో కూడా చెప్పానన్నారు. అక్కడ అది చీటీ మీదికి ఎక్కలేదు, నా దగ్గర నేను అడగనే లేదు.

బల్ల మీద పరీక్ష

పడుకోబెట్టి ముందు చర్మం, వెన్ను చూశాను. వెన్నుపూసల మీద తట్టినా, నడుము పైభాగం అటూ ఇటూ తిప్పించినా వెన్నులో నొప్పి లేదు. ఊపిరితిత్తుల్లో రాపిడి శబ్దం లేదు. లోతుగా ఊపిరి పీల్పిస్తూ పిత్తాశయం మీద నొక్కితే ఊపిరి ఆగలేదు.

తర్వాత కడుపు గోడ. నొప్పి ఉన్నచోట వేలు ఉంచి, చేతులు వాడకుండా తల, భుజాలు పైకి లేపమన్నాను. కండరం బిగుసుకుంటే లోపలి అవయవానికి కవచం దొరికినట్టు, నొప్పి లోపలిదైతే తగ్గాలి. గోడదైతే తగ్గదు, పెరుగుతుంది. ఈవిడకు పెరిగింది. కార్నెట్ అనే సర్జన్ 1926లో రాసిన ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు.

చివరిది, అసలైనది. వేళ్లను కొక్కెంలా వంచి కుడి పక్కటెముకల కింది అంచు లోపలికి పోనిచ్చి, మెల్లగా ముందుకూ పైకీ లాగాను. వేళ్ల కింద చిన్నగా "టక్" అని తెలిసింది. ఆవిడ బల్ల అంచు పట్టుకున్నారు. "అదే నొప్పా, వేరేదా?" అంటే, "అచ్చం అదే" అన్నారు. ఎడమవైపు అలాగే చేస్తే ఏమీ లేదు. రెండో వైపు తప్పకుండా చూడాలి. గట్టిగా లాగితే ఎవరికైనా నొప్పే.

రోగ నిర్ధారణ: జారే పక్కటెముక.

మనకు 12 జతల పక్కటెముకలు. పై ఏడింటి ముందు కొసనున్న మృదులాస్థి (మెత్తటి ఎముక) నేరుగా రొమ్ము ఎముకకు అతుక్కుంటుంది. 8, 9, 10 ఎముకలది మాత్రం అక్కడిదాకా వెళ్లదు, తన పైదాని మృదులాస్థికి పీచులాంటి కణజాలంతో అంటుకుని ఆగిపోతుంది. 11, 12 కొసలు వదులుగా ఉంటాయి. దెబ్బ తగిలినా, తెరిపి లేకుండా దగ్గినా, ఏళ్ల తరబడి ఒకే వైపు మెలితిరిగే పని చేసినా ఆ మధ్య మూడింటిలో ఒకదాని పట్టు వదులవుతుంది. కొందరికి కారణమే దొరకదు. అప్పుడు దాని కొస పై ఎముక కిందికి జారి, అక్కడ నడిచే నరాన్ని ఒత్తుతుంది. జారిన క్షణంలో కలుక్కుమంటుంది, ఒత్తిడి తిన్న నరం తర్వాత గంటల తరబడి సలుపుతుంది. ఆవిడ మొదటి రోజు చెప్పిన వర్ణనలో ఇది రెండు భాగాలుగా ఉండనే ఉంది.

కొత్త జబ్బేమీ కాదు. 1919లో ఎడ్గర్ సిరియాక్స్ లోపలి జబ్బులను అనుకరించే నొప్పుల గురించి రాస్తూ దీన్ని వర్ణించాడు. 1922లో డేవిస్ కాలీ దీనికి జారే పక్కటెముక అనే పేరు వాడాడు. కొక్కెం పరీక్షను 1977లో హైంజ్, జవాలా వివరించారు. వందేళ్ల పాతదైనా తరచుగా తప్పిపోవడానికి కారణం, కదలనప్పుడు తీసిన ఎక్స్‌రేలోగానీ సీటీలోగానీ ఇది మామూలుగా కనబడకపోవడం. జారేది కదిలినప్పుడు. రోగిని కదలకుండా పడుకోబెట్టి తీసిన బొమ్మలో అది దాని చోట బుద్ధిగా ఉంటుంది. అందుకే రేడియాలజిస్టుకు ముందే ఫోన్ చేసి, అల్ట్రాసౌండ్ ప్రోబు అంచు మీద ఉంచి, తల లేపిస్తూ చూడమని అడిగాను. తెర మీద పదో ఎముక మృదులాస్థి కొస తొమ్మిదోదాని కిందికి దూరి వెనక్కి రావడం కనిపించింది. ఆవిడ కూడా మెడ తిప్పి చూశారు. "అయితే నేను ఊహించుకున్నది కాదన్నమాట" అన్నారు.

కడుపు జబ్బులా ఎందుకు నటిస్తుంది

7 నుంచి 12 దాకా ఉన్న ఛాతీ నరాలు పక్కటెముకల దగ్గర ఆగవు. ముందుకు సాగి కడుపు గోడ మొత్తానికీ వెళ్తాయి. బొడ్డు దగ్గరి చర్మం పదో నరం కిందిది. పిత్తాశయం, జీర్ణాశయం, క్లోమం నుంచి వచ్చే నొప్పి సంకేతాలు కూడా వెన్నుపాములో దాదాపు అదే ఎత్తులోకి చేరతాయి. అక్కడికి వచ్చిన సంకేతం గోడదా, లోపలిదా అన్నది మెదడు ప్రతిసారీ సరిగ్గా చెప్పలేదు. రోగి తికమక పడితే ఆశ్చర్యం లేదు. తికమక తీర్చాల్సిన మనమే స్కానింగులో మొదట కనబడినదాన్ని పట్టుకుని వేలాడతాం.

ఛాతీ గోడలోనే ఇలాంటి నొప్పులు ఇంకా ఉన్నాయి. కాస్టోకాండ్రైటిస్, అంటే పక్కటెముకల మృదులాస్థి దగ్గర వచ్చే నొప్పి, ఎక్కువగా రెండు నుంచి అయిదో ఎముక దాకా, రొమ్ము ఎముక పక్కన. అక్కడే వాపు కూడా ఉంటే టీట్జే జబ్బు. ఈవిడ వేలు పెట్టిన చోటు ఆ రెంటికీ బాగా కింద. కడుపు గోడ కండరంలో నరం ఇరుక్కునే జబ్బులో నొప్పి చోటు పక్కటెముకల అంచు మీద కాక కండరం మీద ఉంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసు విన్న జూనియర్లు మర్నాటి నుంచి అందరి డొక్కలూ లాగడం మొదలుపెట్టారు. నొక్కితే నొప్పి ఉందంటే గుండె జబ్బు కాదని కాదు. గుండెపోటు వచ్చినవాళ్లలో కొందరికి ఛాతీ గోడ నొక్కినా నొప్పి ఉంటుంది. చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం, నడిస్తే వచ్చి ఆగితే తగ్గడం, దవడకో చేతికో పాకడం ఉంటే వేళ్లు తర్వాత, ఈసీజీ ముందు. 50 దాటినవాళ్లకు ఒకే ఎముక మీద కొత్తగా నొప్పి వచ్చి, రాత్రిళ్లు పెరుగుతూ, బరువు తగ్గుతుంటే అది జారడం కాదు, ఎముకలోనే ఏదో ఉందని వెతకాలి. దగ్గులో రక్తం, జ్వరం, కామెర్లు, నల్లటి విరేచనం, వీటిలో ఏది ఉన్నా దారి వేరు.

చికిత్స

మొదటి మందు చెప్పడమే. ఎముక మోడల్ చేతికిచ్చి ఎక్కడ జారుతోందో చూపించాను. గుండె కాదు, క్యాన్సర్ కాదు, ఊహ కాదు అని తెలిశాక సగం బరువు దిగింది. డబ్బా పై సొరుగులోకి మారింది. సంచీ ఎడమపక్కకు మారింది. కిందివి అందుకోవాలంటే కుర్చీతో సహా తిరిగి ఎదురుగా వంగడం అలవాటు చేసుకున్నారు. పది రోజులు ఐబుప్రోఫెన్, తిన్నాకే. ఫిజియోథెరపిస్టు పొట్ట, నడుము కండరాలకు మెలితిప్పని వ్యాయామాలు, ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న కండరం డయాఫ్రమ్‌తో ఊపిరి తీసే పద్ధతి నేర్పారు.

ఆరు వారాలకు నొప్పి నెలకు రెండుసార్లకు తగ్గింది, పోలేదు. అప్పుడు అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఆ నరం దగ్గర మొద్దుబార్చే మందు, 0.25 శాతం బుపివకైన్ 5 మి.లీ. ఇచ్చాం. సూది ఊపిరితిత్తి పొరకు దగ్గరగా వెళ్తుంది కాబట్టి చూడకుండా చేసే పని కాదు. ఇరవై నిమిషాల తర్వాత కొక్కెం పరీక్ష మళ్లీ చేస్తే "టక్" ఉంది, నొప్పి లేదు. నిర్ధారణకు ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదనిపించింది. మందు పనిచేసేది గంటలే అయినా ఉపశమనం మూడు వారాలు నిలిచింది. ఎందుకో నేను కచ్చితంగా చెప్పలేను. కొందరిలో అలా జరుగుతుంది. రెండోసారి స్టెరాయిడ్ కలిపి ఇచ్చాం. అప్పటికీ లొంగకపోతే వదులైన మృదులాస్థిని తీసేయడమో, పై ఎముకకు కట్టి నిలబెట్టడమో ఆపరేషన్లు ఉన్నాయి. ఈవిడకు ఆ అవసరం రాలేదు.

పిత్తాశయం ఆపరేషన్ చేయాల్సిన సర్జన్‌తో మాట్లాడాను. అంతా విని, "రాయి ఉన్న మాట నిజమే కదా" అన్నారు. నిజమే. రద్దు చేయలేదు, వాయిదా వేశాం. ఏ రకం నొప్పి వస్తే వెంటనే రావాలో ఆవిడకు కాగితం మీద రాసిచ్చాను.

14 నెలల తర్వాత

ఒక ఉదయం ఆవిడ ముందుగా చెప్పకుండా వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు, ఈసారి ఫైలు లేదు.

"ఇది ఆ నొప్పి కాదండీ."

రాత్రి ఒంటిగంటకు నిద్రలేపిందట. మెల్లగా పెరిగి మూడు గంటలు అలాగే ఉంది, రెండుసార్లు వాంతి. ఎటు తిరిగినా తగ్గలేదు. చూపించమంటే ఈసారి వేలు రాలేదు, అరచెయ్యి మొత్తం పై కడుపు మీద పరుచుకుని కుడివైపు జరిగింది. కొక్కెం పరీక్షలో కొత్త నొప్పి రాలేదు. స్కానింగులో ఆ రాయే, పిత్తాశయం మెడ దగ్గర ఇరుక్కుని ఉంది. అదే సర్జన్ పది రోజుల్లో ల్యాపరోస్కోపీతో పిత్తాశయం తీసేశారు. మొదట చెప్పినప్పుడే చేయించుకుని ఉంటే ఈ రాత్రి తప్పేది కదా అని ఆవిడ భర్త అడిగారు. తప్పేదే. డొక్క నొప్పి మాత్రం అలాగే ఉండేది, ఆపరేషన్ వికటించిందని అందరం అనుకునేవాళ్లం.

కుట్లు చూపించడానికి వచ్చినప్పుడు బల్ల దిగుతూ కుడివైపు తిరిగారు. డొక్కలో "టక్" మన్నట్టుంది, ఒక్క క్షణం ఆగారు. తర్వాత చెప్పులు వేసుకోవడానికి ఎదురుగా, మెల్లగా వంగారు.